మౌజే చిలుకూరు: ఊరి కాగితములలో అరబ్బీ ధాతువులు

సూర్యాపేట జిల్లాలో కోదాడకు దాపున చిలుకూరు అను ఊరు కలదు. 2016లో సూర్యాపేట ప్రత్యేక జిల్లా అగువరకు ఇది నల్లగొండ జిల్లాలోనిది. నిజాము కాలపు భూమి కాగితములలో ఊరి పేరునకు ముందు “మౌజే” అని వ్రాయుట పరిపాటి. ఆ పద్ధతిలో వ్రాసినచో ఈ ఊరు “మౌజే చిలుకూరు, జిల్లా నల్లగొండ” అగును. ఈ నాలుగు మాటలలో రెండు తెలుగువి, రెండు అరబ్బీవి. మౌజే అనగా అరబ్బీలో “ఉంచిన చోటు”. జిల్లా అను మాటకు మొదటి అర్థము ప్రక్కటెముక. ప్రక్కటెముక నుండి “ప్రక్క” అను అర్థమును, ప్రక్క నుండి “దేశములో ఒక భాగము” అను అర్థమును పుట్టినవి.

అరబ్బీ అనగానే మసీదు, ఖురాను, ఎడారి తలపునకు వచ్చును గాని, పొలము గట్టు తలపునకు రాదు. అయినను చిలుకూరు రైతు కౌలునకు భూమి తీసికొని, ఖరీఫ్ పంట వేసి, బాకీ తీర్చి, మిగిలిన నగదు లెక్క చూచుకొనునప్పుడు అరబ్బీ మాటలే వాడుచున్నాడు. రైతు అనునది “రఇయ్యత్”. కాపరి మేపు మంద అని దాని మూలార్థము. రాజు కాపరి, ప్రజ మంద అను భావము వలన అది ప్రజలకు పేరైనది. ప్రజలలో పన్ను కట్టువాడు సేద్యగాడు గనుక చివరకు అతనికి నిలిచినది. కౌలు అనగా “మాట”. ఇంత ఇచ్చెదనని భూస్వామికి ఇచ్చిన మాటయే కౌలు. పాటల కవ్వాలీ కూడ ఈ “కౌల్” నుండి వచ్చినదే. ఖరీఫ్ అరబ్బులకు శరదృతువు, రబీ వసంతము. ఆయా ఋతువులలో కోతకు వచ్చు పంటలకు ఇక్కడ ఆ పేర్లు వచ్చినవి. సాగర్ ఎడమ కాలువ క్రింది పల్లెలలో వానాకాలము, యాసంగి అను ఇంటి పేర్లుండగా ఈ పరాయి పేర్లు కచేరీ నుండి దిగినవే.

ఈ మాటలు అరబ్బుల నోటినుండి నేరుగా కోదాడ సీమకు చేరలేదు. ఏడవ శతాబ్దిలో అరబ్బులు ఇరానును జయించిన తరువాత పారసీ భాష, తెలుగు సంస్కృతమును గ్రహించినట్లే, అరబ్బీ పదములను వేల కొలదిగా గ్రహించెను. ఆ పారసీయే గోలకొండలోను, తరువాత హైదరాబాదులోను దర్బారు భాష అయినది. 1880ల దశకమున దాని స్థానమునకు ఉర్దూ వచ్చెను గాని, కచేరీ పదములు మారలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరువరకు ఈ ప్రాంతపు లెక్కలన్నియు ఆ మాటలతోనే నడచినవి. సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు పోయినచో అది అప్పటి ఇంగ్లీషువారి మద్రాసు రాజధాని. అక్కడను తహసీల్దారు, జమాబందీ, ఫసలీ అనువానిని దొరలు మార్పక ఉంచుకొనిరి. పన్ను వసూలగుచున్నంత కాలము పదములతో వారికి పేచీ లేదు.

పారసీ త్రోవన వచ్చినవని చెప్పుటకు ఆ పదములే సాక్ష్యము. అరబ్బులు ఉపవాస మాసమును “రమదాన్” అందురు. తెలుగుదేశమున అది రంజాన్. ఆ నడిమి అక్షరము అరబ్బీలో నాలుక నొక్కి పలుకు బరువైన “ద”. పారసీకులకు ఆ ధ్వని లేదు; వారు దానిని “జ” వంటి ధ్వనిగా పలికిరి. జిల్లా, హాజరు, కాజీ, జప్తు, జామీను, కబ్జా అను మాటలలోని “జ” అంతయు ఆ “ద”యే. నేరుగా వచ్చియుండినచో తెలుగువారు జిల్లాను దిల్లా అనియు, కాజీని కాదీ అనియు అనుచుండెడివారేమో!

ఇక అసలు విషయము. తెలుగులో మాటకు మొదలు కదలదు, తోక పెరుగును. ఊరు, ఊరిలో, ఊరిలోని, ఊరిలోనివారు. అరబ్బీ పద్ధతి వేరు. అక్కడ అర్థమును మోయునది హల్లుల గుంపు. సాధారణముగా మూడు హల్లులు. ఆ హల్లుల నడుమ అచ్చులను మార్చి, ముందో వెనుకో ఒక అక్షరము చేర్చి, కావలసిన మాటలను పోత పోయుదురు. క, త, బ అను మూడు హల్లులకు “వ్రాత” అను భావము కలదు. కితాబ్ అనగా పుస్తకము, కుతుబ్ అనగా పుస్తకములు, కాతిబ్ అనగా వ్రాయువాడు, మక్తూబ్ అనగా వ్రాయబడినది, మక్తబ్ అనగా వ్రాత నేర్చు చోటు, అనగా బడి. ఇంగ్లీషులో సింగ్, సాంగ్, సంగ్ అను రూపములు చదివిన విద్యార్థికి అచ్చు మారుట వింత కాదు. కాని ఇంగ్లీషున అది కొన్ని క్రియలకు మిగిలిన పాత ఆచారము. అరబ్బీలో భాష అంతయు దానిమీదనే నిలిచియున్నది.

ఈ మూడు హల్లుల ధాతువును చూచుటకు అరబ్బీ వ్యాకరణమును తెరువనక్కర లేదు. ఊరి కాగితములు చాలును. ఫ, స, ల అను హల్లులను తీసికొందము. వీనికి “వేరు చేయుట” అను భావము. ఫస్ల్ అనగా కాలము నుండి వేరు చేసిన భాగము, ఋతువు. ఆ ఋతువున చేతికి వచ్చు పంట తెలుగులో ఫసలు. పంట లెక్కన నడచు సంవత్సరము ఫసలీ. ఫసలీ అంకెకు 590 కలిపినచో ఇంచుమించుగా క్రీస్తు శకము వచ్చును. 1358 ఫసలీ అని ఉన్నచో అది 1948లో మొదలైనది. తగవులో న్యాయమును అన్యాయము నుండి వేరు చేయుట ఫైసలా. తెలంగాణ రెవెన్యూ దఫ్తరములలో “ఫైసల్ పట్టీ” అను రిజిష్టరు కూడ ఉండెను. ఇక విషయమును ముక్కముక్కగా వేరు చేసి వివరించుట తఫ్సీల్. దస్తావేజు చివర భూమి వివరములకు పైన వ్రాయు “తపశీలు” అను శీర్షిక ఇదియే. పంట, తీర్పు, పట్టిక, ఈ మూడింటికి ఒకే తల్లి అని ఎవరైన ఊహింతురా?

హల్లులు అర్థమునిచ్చినట్లే, అచ్చుల అమరికయు ఒక అర్థమునిచ్చును. తఫ్సీల్ అను మాటను తహ్సీల్ ప్రక్కన పెట్టి పలికిన చెవికే తెలియును. రెండును ఒకే అచ్చున పోసినవి. ఒక పనిని పూనికతో చేయుట ఆ అచ్చునకు అర్థము. హ, స, ల అనగా “చేజిక్కుట”. తహ్సీల్ అనగా రాబట్టుట, వసూలు చేయుట. ఆ పని చేయు అధికారి తహసీల్దారు. “దారు” మాత్రము పారసీ. చేజిక్కినది హాసిలు, రాబట్టబడిన రాబడి మహసూలు. తబ్దీలు, తాలీము, తారీఫు అనునవియు తహసీలు తోబుట్టువులే.

హాజరు, దాఖలు, బాకీ, ఖాళీ, కాజీ, నాజరు అనువాని మొదటి అక్షరమునకు దీర్ఘమున్నది. ఇది “చేయువాడు, ఆ స్థితిలో నున్నది” అను అర్థమిచ్చు అచ్చు. ఎదుట నున్నవాడు హాజిర్, మిగిలియున్నది బాకీ, తీర్పు చేయువాడు కాజీ. మామూలు, మంజూరు, మహసూలు అనువానికి “మ” ముందు వచ్చి, నడుమ “ఊ” కలదు. ఇది “చేయబడినది” అను అచ్చు. న, జ, ర అనగా చూచుట: నజరు చూపు, నాజరు చూచుకొనువాడు, అనగా కచేరీలో పైవిచారణ చేయు ఉద్యోగి, మంజూరు చూడబడినది. అధికారి చూచి సరే అన్నాడు గనుక అది మంజూరైనది. విద్యార్థులు ఈ మూడు అచ్చులను గుర్తుంచుకొన్నచో దినపత్రికలో ఒక పుట చదివి పది అరబ్బీ మాటలను తామే ఏరగలరు.

అయితే చెవిని మాత్రమే నమ్మరాదు. నజరానా అను మాట నజరు వంటిదే గదా అని తోచును. కాదు. నజరానాలోని “నజ్ర్” మ్రొక్కుబడి, కానుక. దానిలోని “జ” వేరొక అక్షరము. అట్లే జమ, జమీను, జామీను. జమ అరబ్బీ, కూడుట దాని అర్థము. జమాబందీ, జమాతు, శుక్రవారపు జుమ్మా దానికి చుట్టములు. జమీను అచ్చమైన పారసీ. నేల అని అర్థము. జామీను అరబ్బీయే గాని ధాతువు వేరు, పూచీపడుట. మూడిళ్లవారు ఒకే వీధిలో కాపురముండుటచే ఒకే కుటుంబమని పొరబడుట వంటిది ఇది.

ఈ పొరబాటునకు కారణము ధ్వనులు కలిసిపోవుట. ఉర్దూ బడిలో చదివినవారికి జాల్, జే, జ్వాద్, జోయ్ అను నాలుగు అక్షరములు తెలియును. అరబ్బుల నోట అవి నాలుగు ధ్వనులు. పారసీకుల నోటను, ఉర్దూవారి నోటను ఒక్కటే. అయినను వ్రాతలో నాలుగును నిలిచినవి. తెలుగు లిపిలోనికి రాగానే ఆ గుర్తును పోయి ఒక్క “జ” మిగిలినది. సీన్, స్వాద్, సే అను మూడును ఒక్క “స” అయినవి. తేయు తోయ్‌యు “త” అయినవి. కొండనాలుక కడ పలుకు కాఫ్ ఒకచోట “క” (కౌలు, కలము, కానూను), మరియొకచోట “ఖ” (ఖైదు, ఖరారు) అయినది. అన్నింటికంటె దురదృష్టవంతమైనది ఐన్ అను కంఠధ్వని. గొంతును బిగించి పలుకు ఈ హల్లు తెలుగులో జాడ లేకుండ పోయెను. జమ చివర, దావా నడుమ, అమలు మొదట అది ఉండవలసినది. తాలూకా, ఇలాకా అను మాటలు రెండును ఐన్, ల, కాఫ్ అను ధాతువునకు బిడ్డలు. “తగులుకొని యుండుట” అని అర్థము. “వారి తాలూకు మనిషి” అన్నప్పటి తాలూకు కూడ అదియే. ఐన్ పోవుటచేత ఈ చుట్టరికము తెలుగువారికి కనబడకుండ పోయినది.

ఈ ఐన్ పేరుతోనే అరబ్బీ భాషాశాస్త్రము మొదలైనదనుట ఉత్ప్రేక్ష కాదు. ఎనిమిదవ శతాబ్దిలో ఇరాకులోని బస్రా నగరమున ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అను పండితుడు అరబ్బీకి తొలి నిఘంటువును కూర్చెను. అక్షరములను వాడుకలోని వరుసన గాక, నోటిలో పుట్టు స్థానముల వరుసన ఏర్చెను. గొంతులో పుట్టు ఐన్ మొదలు. అక్కడినుండి క్రమముగ పెదవుల వరకు. ఆ నిఘంటువునకు కితాబుల్ ఐన్ అనియే పేరు. క వర్గముతో కంఠమున మొదలై ప వర్గముతో పెదవులకు చేరు తెలుగు వర్ణమాల చదివినవారికి ఈ క్రమము ఎంతో పరిచితముగ తోచును. ఇది భారతదేశము నుండి పోయినదా, ఆయనకే తోచినదా అని పండితులు వాదించుకొనిరి, తేలలేదు. అరబ్బీ ఛందశ్శాస్త్రమునకు ఆద్యుడును ఈయనయే. తెలుగు విద్యార్థి “యమాతారాజభానసలగం” అని గణములను గుర్తుంచుకొన్నట్లు, అరబ్బులు ఫ, ఐన్, ల అను హల్లులతో చేసిన నమూనా పదములతో తమ ఛందస్సును గుర్తుంచుకొందురు. వ్యాకరణమున పద రూపములకును ఆ మూడు హల్లులే కొలబద్ద. ఖలీల్ శిష్యుడు సీబవైహి అరబ్బీకి తొలి మహా వ్యాకరణమును వ్రాసెను. అతడు అరబ్బు కాడు, పారసీకుడు.

ధాతువుల వరుసన కూర్చిన మరియొక గొప్ప నిఘంటువు ఇబ్న్ దురైద్ వ్రాసిన జమ్‌హరతుల్ లుగా. అతడు 933లో చనిపోయెను. వేయేండ్లు వ్రాతప్రతులలో నున్న ఆ గ్రంథము 1920ల దశకమున అచ్చయినది హైదరాబాదులోనే! 1888లో అక్కడ స్థాపింపబడిన దాయిరతుల్ మఆరిఫ్ అను సంస్థ ఇట్టి అరబ్బీ శాస్త్రగ్రంథములను పరిష్కరించి అచ్చువేయుచు ప్రపంచమందలి పండితులకు పేరెన్నిక గన్నది. నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున నున్నది.

తెలుగు ఈ పదములను ఊరకే పుచ్చుకొనలేదు. తన ఇంటి తీరునకు దిద్దుకొన్నది. తెలుగు నోటికి మాట అచ్చుతో ముగియవలెను. జంట హల్లు చివర ఉండరాదు. అందుచే అస్ల్ అసలు అయినది, నక్ల్ నకలు, నక్ద్ నగదు, షర్త్ షరతు, హుక్మ్ హుకుము. ఖబర్ వంటి మాటలో ఒత్తక్షరము కూడ కరగి కబురైనది. “కబురు పంపెను” అను మాట అరబ్బీదని చెప్పినచో పల్లెలో ఎవరును నమ్మరు.

వారసుడు అను మాట ఇంకను చిత్రము. వారిస్ అరబ్బీ, “డు” తెలుగు ప్రత్యయము. వారసత్వము అన్నప్పుడు “త్వ” సంస్కృత ప్రత్యయము. అరబ్బీ ధాతువునకు సంస్కృతపు తోక తగిలించి తెలుగు “ము” తో ముగించిన మాట ఇది. దీని తోబుట్టువు విరాసత్, తెలంగాణ రెవెన్యూ కార్యాలయములలో, తండ్రి పోయిన తరువాత భూమిని బిడ్డల పేరునకు మార్చుటకు నేటికిని వినబడును. చిలుకూరు పొరుగున నున్న హుజూర్‌నగర్ పేరును ఇట్టిదే. హుజూర్ అరబ్బీ, నగరము సంస్కృతము. హాజరు, హుజూరు ఒకే ధాతువువి.

బహువచనము విషయమున తెలుగు తన “లు” తప్ప మరొకటి ఒప్పలేదు. హక్ అను మాటకు అరబ్బీ బహువచనము హుకూక్; తెలుగునకు హక్కులు. కాని ఒకటి రెండు బహువచనములు ఏకవచనమని పొరబడి లోనికి వచ్చినవి. నాయిబ్ అనగా ప్రతినిధి. అతని గౌరవార్థము బహువచనమున పిలిచిన పిలుపు నవాబు. ఇస్మ్ అనగా పేరు. దాని బహువచనము నుండి ఆసామి వచ్చినది. లెక్కలో వరుసగా వ్రాసిన “పేర్లు” కాలక్రమమున ఒక్క మనిషి అయినవి.

తెలుగు వ్యాకర్తలు ఇట్టివానిని అన్యదేశ్యములని ఒక మూలకు చేర్చి, కావ్యములలో వాడరాదనిరి. వానిని గుర్తింపవలసినవారు కవులు కాదు, భాషా చరిత్రకారులు. ఈ చిలుకూరువాడు కాకపోయినను, చిలుకూరి అను ఇంటి పేరుగల నారాయణరావు 1937లో ఆంధ్ర భాషా చరిత్రమును వెలువరించెను. ఖురానును మొదటిసారిగా తెలుగు చేసినవాడును ఆయనయే. తెలుగు చరిత్రను వ్రాయు పండితుడు అరబ్బీ గ్రంథమును తెలుగునకు తెచ్చుట ఆ రోజులలో అరుదైన సంగతి.

ధ్వని మారినచో నష్టము లేదు. అర్థము మారినచో కొన్నివేళల మనిషికి చిక్కు వచ్చును. మామూలు అనగా అరబ్బీలో “చేయబడినది”. అలవాటుగ చేయబడునది గనుక సాధారణమైనది. కొన్ని కచేరీలలో బల్ల క్రింద చేతులు మారు మామూలు కూడ ఆ అలవాటు కోవలోనిదే! గరీబు అరబ్బీలో పరదేశి. ఊరుగాని ఊరిలో దిక్కులేనివాడు పేదవాడు గనుక ఇక్కడ పేద. సవాలు ప్రశ్న, తెలుగున అది పందెమునకు పిలుపు. తకరారు “మరల మరల చెప్పుట”. చెప్పినదే చెప్పుచు పోవుట తగవు గాక మరేమి? గల్ఫ్ దేశములకు కూలికి పోయిన తెలుగువారు అక్కడ మొదట నేర్చుకొను మాటలలో “మాఫీ” ఒకటి. “లేదు” అని దాని అర్థము; “మా”, “ఫీ” అను రెండు ముక్కలు. ఇంటికడ రుణమాఫీలోని మాఫీ క్షమాపణ అను వేరొక ధాతువుది. ఆ దేశమున “ఫులూస్ మాఫీ” అన్నచో అప్పు రద్దు కాదు, డబ్బు లేదని.

ముద్దాయి అను మాట తలక్రిందులైనది. దావా వేయువాడు ముద్దఈ. ఉర్దూ న్యాయపత్రములలో అతడు వాది. దావా ఎవరిపై వేయబడెనో అతడు ముద్దఆ అలైహి. ఈ పొడుగు మాట తెగి పొట్టిది కాగా రెండును ఒకటైనవి కాబోలు, తెలుగులో ముద్దాయి నిందితుడైనాడు. సంస్థాన కాలపు ఉర్దూ తీర్పు నకలును చేత బట్టుకొని, ముద్దఈ అను చోట తాత పేరు చూచి, తాత నేరస్థుడా అని మనుమడు దిగులుపడుటకు తావున్నది. నిజమునకు ఆ తాతయే న్యాయము కోరి కోర్టుకెక్కినవాడు.

కబ్జా అను మాటకు మూలము పిడికిలి, పట్టు. భూమి ఎవరి చేతిలో నున్నదో అది వారి కబ్జా. పాత కాగితములలో ఆ మాటకు మంచి చెడ్డలు లేవు. నేటి దినపత్రికలలో కబ్జా అనగా దౌర్జన్యముగ ఆక్రమించుట. ఈ రెండర్థముల నడుమ చిక్కుకొన్నవి సాదా బైనామాలు. సాదా పారసీ, నామా పారసీ, నడుమ నున్న బై అరబ్బీ. అమ్మకము అని అర్థము. రిజిస్ట్రారు కడకు పోక తెల్లకాగితముపై వ్రాసికొన్న అమ్మకపు పత్రము ఇది. తెలంగాణ పల్లెలలో ఎందరో చిన్న రైతులు ఇట్లే భూమి కొనిరి. వానిని క్రమబద్ధము చేయుటకు ప్రభుత్వము 2016లోను, 2020లోను దరఖాస్తులు పుచ్చుకొన్నది; 2025 నాటి భూభారతి చట్టము పెండింగులోని దరఖాస్తుల పరిష్కారమునకు త్రోవ ఏర్పరచినది. దరఖాస్తు వెంట పెట్టవలసినది ఆ తెల్లకాగితమే. దానిలో “కబ్జా ఇచ్చితిని” అని ఉన్నచో అది నేరపు మాట కాదు. అమ్మినవాడు రూకలు పుచ్చుకొని, భూమిని కొన్నవాని చేతికి అప్పగించెనని చెప్పు సాక్ష్యమది. దాని క్రింద తపశీలు, తపశీలు క్రింద నాలుగు దిక్కుల హద్దులు ఉండును. హద్దు కూడ అరబ్బీయే.